పట్టా అంచున రాళ్లు

బుడమేరు పొంగి బెజవాడ సగం మునిగిన ఏడాది ఇది జరిగింది. వరద వినాయక చవితికి ముందు వచ్చింది. నేను రాసేది ఆ ఏటి మిర్చి కళ్లాల్లోకి చేరాక, రంజాన్ నెల చివరి వారంలో జరిగిన సంగతి.

ఆ నెలంతా మా కోడలు సిద్దికా ప్రతి పొద్దునా ఒక చిన్న రంగు డబ్బా, ఒక కుంచె పట్టుకుని పశువుల పాకలోకి వెళ్లేది. పాకలో ఇప్పుడు పశువులు లేవు. నేల మీద ఆమె రాళ్లు వరసగా పేర్చి ఉండేవి. అరవై ఎనిమిది. ఒక్కొక్కటీ మణికట్టు లావు, మూరెడు పొడుగు, రోకలిని ముక్కలు కోసినట్టు గుండ్రంగా ఉండేవి. ప్రతి రాయి మీదా సుద్దముక్కతో రాసిన ఒక అంకె, పక్కన ఏ కొన కిందిదో చూపే ఒక బాణం గుర్తు. సుద్ద చెరిగిపోతుంది కాబట్టి ఆ అంకెల మీద తెల్లరంగుతో దిద్దుకోవాలని ఆమె అనుకుంది. మహా అయితే గంట పని. డబ్బా మూత లేపడానికి చెంచా కూడా వెంట తీసుకెళ్లేది. మూత లేపేలోపే ఇంట్లోంచి పిలుపు వచ్చేది.

"సిద్దికా, తువ్వాలు!" అని స్నానాల గదిలోంచి నా కొడుకు షఫీక్ అరిచేవాడు. తువ్వాలు దండెం మీదే ఉండేది. స్నానానికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లడం వాడికి ఇరవై తొమ్మిదేళ్లుగా అలవాటు కాలేదు. ఆమె డబ్బా గడప మీద పెట్టి వెళ్లేది. తువ్వాలు ఇచ్చి వస్తుంటే పాప షిరీన్ లేచేది. పాపకు పాలు పట్టి వస్తుంటే నా భార్య అమీర్‌బీ మోకాళ్లకు నూనె అడిగేది. నూనె రాసి చెయ్యి కడుక్కునేసరికి కళ్లంలో కాయ తిరగేయడానికి నేనే పిలిచేవాణ్ని. మధ్యాహ్నం తాలు కాయ ఏరాలి. సాయంత్రం ఇఫ్తార్‌కు పిండి కలపాలి, తెల్లవారుజామున సహరీకి అందరికంటే ముందు లేవాలి. రంగు డబ్బా గడప మీద నుంచి కిటికీలోకి, కిటికీలోంచి మళ్లీ గడప మీదికి తిరుగుతూ ఉండేది. ఇరవై ఏడు రోజులు అలా తిరిగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కరోజు కూడా, అమ్మా ఈ గంట నువ్వు కూర్చో అనలేదు. మాట తక్కువ మనిషినని ఊళ్లో నన్ను మెచ్చుకుంటారు.

పెళ్లినాటికే సిద్దికా హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. శుభలేఖలో ఆమె పేరు పక్కన ఆ ముక్క పెద్ద అక్షరాలతో వేయించింది షఫీకే. ఊళ్లో అందరికీ పంచి, "చదువుకున్న పిల్లండీ" అని చెప్పుకున్నాడు. కాన్పు కోసం ఆరు నెలలని వచ్చిన పిల్ల రెండేళ్లు ఉండిపోయింది. ఉండిపొమ్మని ఎవరూ గట్టిగా చెప్పలేదు. పాపకు జ్వరం తగ్గాక వెళ్దువు అన్నారు. పత్తి తీతలు అయ్యాక వెళ్దువు అన్నారు. అత్తకు మోకాళ్లు కుదురుకోనీ అన్నారు. "మా అమ్మ మోకాళ్లకు ముందు డాక్టరు కావాలి. ఈమె రాళ్లకు డాక్టరు అవుద్దంట" అని షఫీక్ స్నేహితుల ముందు నవ్వేవాడు. వాడు పురుగుమందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరుగుతాడు, పదిమందిని నవ్వించడం వాడి ఉద్యోగంలో భాగం. సిద్దికా కూడా నవ్వేది. ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందో నేను చూసేవాణ్ని. టీ గ్లాసులు తీసుకుని లోపలికి తిరగగానే ఆగేది.

ఆమె చదివేది భూమి కింద రాతిలో ఉండే వేడి గురించి. ఆ వేడితో కరెంటు తీయవచ్చా, తీస్తే ఎక్కడ తీయాలి అన్నది లెక్క. పాకలో ఉన్న రాళ్లు చీమకుర్తి వైపు ఒక గ్రానైటు క్వారీ వాళ్లు మూడు వందల అడుగుల లోతుకు గొట్టం దించి తీసి, పని అయ్యాక పారేసినవి. పై రెండు వందల అడుగులవీ ఎవరో ఇంటి మెట్లకు పట్టుకెళ్లారు. కింది వంద అడుగులవి మిగిలితే, ఆమె పాపను చంకనేసుకుని వెళ్లి అడిగి, మా ఊరి యలమంద ఆటోలో వేయించి తెచ్చుకుంది. ఆ పూట ఊరంతా చూసింది.

"ఏం హుస్సేన్ సాయిబూ, నువ్వు బోర్లేసి నీళ్లు తెస్తివి, కోడలు రాళ్లు తెచ్చిందే!" అన్నాడు యలమంద దించుతూ.

"నీళ్లు పడవంట, బంగారం పడదంట, వేడి పడుద్దంట" అంది అమీర్‌బీ. "ఈ జిల్లాలో వేడి ఎవుడిక్కావాలి యలమందా? కావాలంటే మా ఇంటి రేకుల కింద కూర్చోమను."

సిద్దికా అప్పుడూ నవ్వింది. నవ్వుతూనే ఒక్కో రాయీ తడిగుడ్డతో తుడిచి, రాళ్లు సర్ది ఉన్న చెక్కపెట్టెల మీద క్వారీ వాళ్లు రాసిన లెక్క చూసి, రాయి మీద సుద్దతో అంకె వేసింది. అరవై ఒకటి పాయింట్ సున్నా అంటే పైనుంచి అరవై ఒక్క మీటర్లు. అక్కడి నుంచి తొంభై ఒకటి దాకా. చెదలు పట్టిన ఆ పెట్టెలు మర్నాడే పొయ్యిలోకి పోయాయి. ఇక లెక్కంతా రాళ్ల మీది సుద్దలోనే ఉంది.

వరస అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోర్ల లారీ మీద ముప్పై ఏళ్లు పనిచేశాను. మొదటి పదేళ్లూ నా పని ఒకటే. గొట్టం పది అడుగులు దిగినప్పుడల్లా పైకి వచ్చిన రాతిపొడి దోసిలితో తీసి, పక్కన నేల మీద చిన్న కుప్ప పెట్టాలి. దాని పక్కన మరొకటి. యాభై కుప్పలు, అరవై కుప్పలు. మేస్త్రీ వాటి వెంట నడిచి, రంగు ఎక్కడ మారిందో చూసి, ఆపాలో దించాలో చెప్పేవాడు. ఒకసారి ఎవరిదో మేక వచ్చి కుప్పలు తొక్కితే మేస్త్రీ నా చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ తిన్నవాణ్ని నేను.

సిద్దికా ఫోనులో ఒక ఫొటో ఉంది. యూనివర్సిటీలో ఆమె బల్ల. బల్ల మీద ఒక మిషను, మిషను పక్కన ఒక స్టీలు గ్లాసు, అంచున అంటించిన కాగితం మీద ఆమె పేరు. పాపకు అన్నం పెడుతూ ఆ ఫొటో చూసేది. ఫొటోలో మనిషి ఎవరూ లేరు. ఉత్త బల్ల. పుట్టింటి ఫొటో కూడా ఎవరూ అలా చూడగా నేను చూడలేదు. బియ్యం డబ్బా మీద ఆమె నోటుపుస్తకం ఉండేది. కుక్కర్ మొదటి కూతకీ మూడో కూతకీ మధ్య అందులో రెండు వరసలు రాసేది. కూర కలుపుతూ లోపల్లోపల ఏవో అంకెలు చెప్పుకునేది. ప్రార్థన చేసుకుంటోందని అమీర్‌బీ అనుకునేది.

ఆ వారం మొదట్లో ఆమెకు చదువు చెప్పే మేడమ్ ఫోను చేసింది. నేను వరండాలో ఉన్నాను. ఏప్రిల్ పదిహేనులోపు రాళ్లను బిళ్లలుగా కోసి మిషన్లో పెట్టి కొలవాలి, ఆ తరువాత మిషను వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, జూన్‌తో ఆమె గడువే అయిపోతుంది, ఇక పొడిగించరు. సిద్దికా "సరే మేడమ్, తెస్తాను మేడమ్" అంది. ఫోను పెట్టేశాక రంగు డబ్బా తీసుకుని పాకలోకి వెళ్లింది. "సిద్దికా, ఉల్లిపాయలు!" అని అమీర్‌బీ పిలిచింది.

ఇరవై ఎనిమిదో రోజా ఉపవాసం నాడు వాన వచ్చింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక సింగరకొండ వైపు మబ్బు కమ్మింది. ఆ రోజుల్లో వాన పడకూడదు. కళ్లంలో పద్నాలుగు క్వింటాళ్ల కాయ పరిచి ఉంది. ఎర్రగా, గలగలమని, ఇక రెండు రోజుల్లో టిక్కీ బస్తాల్లోకి తొక్కాల్సిన కాయ. తడిస్తే తెల్లబడి తాలైపోతుంది. నేనూ అమీర్‌బీ సిద్దికా చెక్కలతో కాయను కుప్పలు చేసి నాలుగు టార్పాలిన్ పట్టాలు లాగాం. గాలి లేచింది. పట్టా ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోంది. మాది నల్లరేగడి. వెతికినా రాయి దొరకని నేల. ఏటా అంచుల మీద పెట్టే ఇటుకలను ఆ చలికాలం షఫీక్ వాకిట్లో అరుగుకు కట్టించేశాడు.

"రాళ్లు ఏవయ్యా! అంచు మీద పెట్టు, ఎగిరిపోతన్నాయి!" అని అమీర్‌బీ అరిచింది.

నేను పాకలోకి పరిగెత్తాను. చేతులు వాటంతట అవే తీశాయని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ వరస చూశాను. అది ఏమిటో తెలుసు. సంవత్సరం పంట బయట ఉంది. గంపలోకి ఎత్తాను.

మొదటి గంప తెచ్చేసరికి సిద్దికా గాలి కొట్టే మూల పట్టా మీద మోకాళ్లు వేసి, రెండు చేతులతో అంచు పట్టుకుని ఉంది. గంపలో ఉన్నవి చూసింది.

"మామయ్యా" అంది.

నేను ఆమె మోకాలి పక్కన ఒక రాయి పెట్టాను. ఆమె పట్టా వదల్లేదు. "డెబ్భై ఒకటి పాయింట్ మూడు" అంది. ఇంకోటి పెట్టాను. "డెబ్భై ఒకటి పాయింట్ ఎనిమిది." పెట్టినదల్లా చదివింది. నేను అంచు వెంట దూరం జరిగేకొద్దీ గొంతు పెంచి, మెడ చాచి చదివింది. చినుకులు మొదలయ్యాయి. రెండో గంప తెచ్చేసరికి చదవడానికి అంకెలు లేవు. రాళ్ల మీద నుంచి తెల్లటి నీళ్లు కారుతున్నాయి. మొత్తం ఐదు గంపలు మోశాను. అరవై ఎనిమిదీ పెట్టాను.

అరగంట పడి ఆగింది. పట్టా ఎత్తి చూస్తే కాయ పొడిగా ఉంది.

"అల్లా కాపాడాడు. చుక్క దిగలా" అంది అమీర్‌బీ, మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "సిద్దికా, పిండి కలుపుదువు రా. పొద్దు వాలతంది."

సిద్దికా అంచు వెంట ఒకసారి చుట్టూ నడిచింది. ప్రతి రాయినీ వంగి తిరగేసి చూసింది. పన్నెండింటి మీద సగం సగం అంకెలు మిగిలాయి. ఆమె చదివిన మూల పదమూడు గుర్తున్నాయి. మిగిలినవి ఉత్త రాళ్లు. కళ్లం మధ్యలో తడి నేల మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. కొంగు తీసి ఒక రాయి కొన తుడిచింది. విరిగిన కొన. దాన్ని వేళ్లతో తడిమి, ఇంకో రాయి తీసి కొనకు కొన ఆనించింది. కుదరలేదు. పక్కన పెట్టి ఇంకోటి తీసింది.

"సిద్దికా! పిండి!" అని లోపలి నుంచి కేక.

"రాను అత్తయ్యా."

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు వినపడలేదు. అమీర్‌బీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. నా వైపు చూసింది. నేను వెళ్లి సిద్దికా ఎదురుగా కూర్చున్నాను. తప్పు నాదమ్మా అన్నాను. ఆమె ఒక తడిగుడ్డ నా చేతికిచ్చి, "కొనలు తుడవండి మామయ్యా. గుచ్చుకునే కొనలు నా వైపు పెట్టండి. నున్నగా అరిగినవి వేరే పెట్టండి" అంది. లారీ మీద మొదటి పదేళ్లూ మేస్త్రీ చెప్పింది చేసినట్టే చేశాను.

విరిగిన రాయికి దాని జతే సరిపోతుంది. ఇంకొకటి ఎంత నొక్కినా సందులోంచి వెలుగు కనపడుతుంది. సరిపోయినప్పుడు టక్కుమని ఒక చిన్న చప్పుడు. మొదటి జత దొరికినప్పుడు ఆమె ఆ చప్పుడు కోసం రెండుసార్లు విడదీసి కలిపింది.

ఆ సాయంత్రం ఆమె మాట్లాడింది. రాళ్ల మీద నుంచి తల ఎత్తకుండా చెప్పింది. గుర్తున్నంత వరకు ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"మీరు తీసినందుకు కాదు మామయ్యా నా బాధ. నేను పట్టా వదల్లేదు. వదిలేసి పాకలోకి పరిగెత్తి ఉంటే ఇరవై రాళ్లయినా మిగిలేవి. చెయ్యి వదలదే! రెండు వేళ్లు లేపుదామని చూశాను, లేవలేదు. ఈ చెయ్యి ఎవరిదా అని అప్పటి నుంచీ చూసుకుంటున్నాను. ల్యాబులో ఈ చేత్తోనే వెంట్రుకంత సూది రాతిలోకి దించేదాన్ని. ఊపిరి బిగపట్టి దించాలి. దించాక పావుగంట ఏమీ ముట్టుకోకుండా కూర్చోవాలి, వేడి రాతిలో పాకేదాకా. ఆ పావుగంట కోసం బతుకుతున్నాను మామయ్యా ఈ రెండేళ్లూ. గొప్ప పేరు కోసం కాదు. ఎవరూ పిలవని పావుగంట. కింద నుంచి వేడి ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. మనకు తెలియదు. ఏ రాయి ఎంత వేడిని పోనిస్తుందో తెలిస్తే అడుగున ఎంత ఉందో చెప్పొచ్చు. అది చెప్పాలని నాకు ఎంత ఉంటుందో తెలుసా? చపాతీ కాలుస్తుంటే పెనం మీద కూడా అదే లెక్క వేస్తాను. చపాతీ మాడితే ఆయన అంటారు, వేడి గురించి చదివినావిడ చేసిన చపాతీ చూడండ్రా అని."

నేను అప్పుడు ఒక సంగతి చెప్పాను. ఎనిమిది వందల అడుగులు దాటిన బోర్లలో కొన్నిచోట్ల నీళ్లు గోరువెచ్చగా వచ్చేవి. లారీ మీద వాళ్లం చలికాలం ఆ నీళ్లతోనే స్నానాలు చేసేవాళ్లం.

ఆమె చేతిలో రాయి ఆగింది. "ఎక్కడ మామయ్యా?"

ఊళ్ల పేర్లు చెప్పాను. ఏ ఊళ్లో ఏ వైపు, ఎన్ని అడుగులకు, నీళ్లు ముందు వెచ్చబడ్డాయా రాయి ముందు మారిందా, అన్నీ అడిగింది. తొమ్మిది చోట్లు గుర్తొచ్చాయి. కళ్లంలోనే నోటుపుస్తకం తెప్పించుకుని రాసుకుంది. అలా నన్ను ఎవరూ ఎప్పుడూ ఏదీ అడిగి రాసుకోలేదు. రెండేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆమెకు కావలసింది నా దగ్గర ఉంది. నేను టీ అడిగాను, కాయ తిరగేయమన్నాను, ఇది చెప్పలేదు.

మసీదు నుంచి బాంగు వినిపించే వేళకు అమీర్‌బీ కుంటుకుంటూ వచ్చింది. పిండి తనే కలిపి, బజ్జీలు తనే వేసింది. ఒక పళ్లెం నేల మీద పెట్టి, ఖర్జూరం తీసి సిద్దికా నోటికి అందించింది. సిద్దికా చేతులు బురదగా ఉన్నాయి.

"ముందు నోట్లో వేసుకో. రాళ్లు ఎక్కడికీ పోవు" అంది. తరువాత వరస వైపు చూస్తూ, "నాకేం తెలుసే, రాయి అంటే రాయే అనుకున్నా" అంది గొణుగుతూ. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

షఫీక్ బండి దిగి వచ్చాడు. ఎండలో తిరిగేవాణ్నని వాడు రోజాలు ఉండడు, ఇఫ్తార్‌కు మాత్రం తప్పడు. కళ్లంలో మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏంది నాన్నా, నువ్వు కూడా డాక్టరువి అవుతన్నావా? రాళ్లే కదా సిద్దికా, చీమకుర్తి పోతే లారీడు తెచ్చి పోస్తా. లే, ఆకలేస్తంది."

సిద్దికా ఒక జత కలిపింది. టక్కుమంది. "పండగ వెళ్లిన మర్నాడు హైదరాబాదు వెళ్తున్నాను. పాపను తీసుకెళ్తున్నాను. మా పిన్ని వాళ్లింట్లో ఉంటాను, అయ్యేదాకా. ఆటో మాట్లాడాను."

"ఎవరితో మాట్లాడావ్?" వాడి గొంతు మారింది.

"యలమందన్నతో. ఆటో ఆయనదేగా."

అమీర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు నా వైపు చూశాడు, నేను ఏదో అంటానని. "అద్దంకి బస్టాండు దాకా నేను వెళ్లి ఎక్కించి వస్తా. రాళ్లు బరువు" అన్నాను. వాడు బండి తాళాలు జేబులో వేసుకుని లోపలికి పోయాడు.

చూపు ఆనినంతసేపు కూర్చున్నాం. అరవై ఒకటి వరసలోకి వచ్చాయి. ఏడు రాళ్లు మిగిలాయి. వాటి కొనలు రెండువైపులా అరిగి నున్నగా ఉన్నాయి, దేనికీ ఆనవు. వరసలో అక్కడక్కడా ఖాళీలు ఉన్నాయి కదా, రంగు చూసి పెట్టేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నాను. నా తప్పు తగ్గుతుందని ఆశ.

ఆమె ఏడు రాళ్లనూ విడిగా జరిపింది. "తెలియదని రాస్తే తప్పు లేదు మామయ్యా. తెలుసని రాస్తేనే" అంది. పుస్తకంలో రాసింది. వరస తెలియనివి ఏడు. కారణం అన్నచోట నా పేరు రాస్తుందేమోనని చూశాను. వాన అని రాసింది. కాసేపు ఆగి, దాన్ని కొట్టేసి, రంగు వేయలేదు అని రాసింది.

మర్నాడు పొద్దున ఎండ బాగా వచ్చింది. రాళ్లు ఆరాయి. సిద్దికా డబ్బా, కుంచె, చెంచా తీసుకుని కళ్లంలో వరస మొదట కూర్చుంది. మూత లేపింది. రంగు పైన మీగడలా కట్టింది, చెంచాతో దాన్ని తీసి పారేసింది.

"సిద్దికా, తువ్వాలు!" అని స్నానాల గదిలోంచి కేక వచ్చింది.

ఆమె భుజం కదిలింది. కుంచె ఆగింది. నేను అరుగు మీద నుంచి లేచాను. దండెం మీద తువ్వాలు తీసుకుని వెళ్లి తలుపు కొట్టాను. తలుపు ఓరగా తెరిచి షఫీక్ తడి చెయ్యి బయటికి చాచాడు. ఆ చేతిలో తువ్వాలు పెట్టాను. చెయ్యి తువ్వాలుతో పాటు నా వేళ్లు తడిమి ఆగిపోయింది.

"నాన్నా? నువ్వా?"

"ఊఁ" అన్నాను.

వంటింట్లోంచి అమీర్‌బీ పిలిచింది. దానికీ నేనే వెళ్లాను. నూనె సీసా అందించి వచ్చాను. పాప లేచి ఏడిస్తే ఎత్తుకుని వరండాలోకి వచ్చాను. సిద్దికా తల ఎత్తలేదు. అప్పటికి పద్నాలుగో రాయి మీద ఉంది.